పాలు తెచ్చిన గుంటడు

నా చిన్నప్పుడు మా వీధి ఆడవాళ్లు మధ్యాహ్నం పూట జీడిపప్పు పొట్టు వలుస్తూ కూర్చుంటే, వాళ్ల మధ్యలో ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గర ఊరు. ఇంటి వెనక కొబ్బరితోట, దాని వెనక జీడితోట, అది దాటితే ఇసుక దిబ్బలు, ఆ పైన సముద్రం. కాల్చి కొట్టిన పప్పును పలాస వ్యాపారులు బస్తాల్లో తెచ్చి ఇళ్లకు ఇచ్చిపోయేవారు. మా అరుగు పెద్దది కాబట్టి చుట్టుపక్కల వాళ్లంతా చేటలు పట్టుకుని మా ఇంటికే చేరేవారు.

పుస్తకం తెచ్చేది పక్కింటి అక్క. పదో తరగతి అయ్యాక చదువు మానిపించేశారు, ఇంట్లోనే ఉండేది. వాళ్ల నాన్న కొబ్బరికాయలు వేసుకుని టెక్కలి వెళ్లినప్పుడల్లా అక్కడి లైబ్రరీ నుంచి కూతురి కోసం ఒక నవల తెచ్చేవాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. అక్కడ కూర్చున్నాయన ఏది చేతికిస్తే అదే తెచ్చేవాడు. అందుకని ఈసారి ఏ పుస్తకం వస్తుందో, అందులో ఏముంటుందో చదివేదాకా అక్కకు కూడా తెలిసేది కాదు. ఆమె చేతులు కడుక్కుని, స్తంభానికి ఆనుకుని, పైకి చదివేది. నేను ఆమె పక్కనే కూర్చుని, ఆమె చదివే వరుసల మీదే కళ్లు పరిగెత్తించేదాన్ని. బడిలో నాకు చదవడం బాగా వచ్చని పేరుండేది.

కొంత చదివాక అక్క పుస్తకంలో వేలు పెట్టి మూసి, "మరి ఎవులికి ఏటనిపించిందో సెప్పండి" అనేది. అందరూ ఏదో ఒకటి చెప్పాలి. ఒకళ్లు చెప్పింది తప్పని ఇంకొకళ్లు అనకూడదు. ఆమె పెట్టిన నియమం అదొక్కటే. మా నాయనమ్మ ఏ నవలలోనైనా అత్తగారి పక్షమే. మా అమ్మకు వేరే బాధ. "ఇంతమంది మనుషులున్నారు, ఒక్కులూ అంట్లు తోమరేటి?" అని విసుక్కునేది. అందరికంటే పెద్ద గొంతు మా పెద్దమ్మది. మా నాన్న అన్నగారి భార్య ఆమె. ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. నవలలో ఎవరికి పెళ్లి చెయ్యాలో, ఎవరిని చెప్పు పుచ్చుకుని కొట్టాలో ఆమే తేల్చేసేది. ఆమె నవ్వితే వీధి చివరిదాకా వినపడేది.

ఒక ఏడు ఎండలు మొదలవుతుండగా మా పెద్దమ్మ కొడుకు సముద్రంలో పోయాడు. ఒక్కడే కొడుకు. ఇంకా మీసం సరిగ్గా రాలేదు. నేస్తాలతో కలిసి స్నానానికి దిగాడు, అల లాగేసింది. మళ్లీ ఒడ్డుకు వచ్చినప్పుడు అన్నయ్యను నాకు చూడనివ్వలేదు. పెద్దవాళ్ల కాళ్ల సందుల్లోంచి తడిసిన ఇసుక మాత్రం కనిపించింది.

ఆ తర్వాత మా పెద్దమ్మ మాట పోయింది. ఏడవలేదు కూడా. కూర్చోమంటే కూర్చునేది, లెమ్మంటే లేచేది. మా పెద్దనాన్న మొదటి వారంలోనే అన్నయ్య బట్టలన్నీ మూటకట్టి ఎక్కడో ఇచ్చేశాడు. ఇంట్లో వాడి పేరు ఎవరూ ఎత్తకూడదన్నాడు. ఆయన మనసు చెడ్డది కాదు. పేరు వింటే ఆమె ఏమైపోతుందోనని భయం, తానేమైపోతాడోనని ఇంకా భయం. మేమంతా ఆ మాట పాటించాం. నేను పొరపాటున "అన్నయ్య" అనబోతే మా అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. నెలలు గడిచాయి. పెద్దమ్మ తిండి తగ్గి, చేతి గాజులు మోచేతిదాకా జారేవి. ఇలా అయితే లాభం లేదని, వానలు పడ్డాక ఆమెను సంతబొమ్మాళిలో తమ్ముడింటికి పంపేద్దామని పెద్దనాన్న అనడం మొదలుపెట్టాడు. పంపేస్తే ఇక తిరిగి రాదని అందరికీ తెలుసు. ఆ మాట పైకి అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఒంటరిగా వదిలేస్తే ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని మా నాయనమ్మ ఆమెను మధ్యాహ్నాలు అరుగు మీదికి తెచ్చి, ఒళ్లో చేట పెట్టి కూర్చోబెట్టేది. చేతులు పొట్టు వలిచేవి. చూపు ఎక్కడో ఉండేది.

అప్పుడు నడుస్తున్న నవల ఒక పెద్ద కుటుంబంలో ఇంటి పంపకాల గొడవ. అన్నదమ్ములు, తోడికోడళ్లు, కోర్టు, కన్నీళ్లు. ఆ రోజు చదివిన భాగంలో పెద్దకోడలు పుట్టింటికి వెళ్లిపోతానని మూట సర్దుకుంటుంది. అక్క వేలు పెట్టి పుస్తకం మూసింది. పెద్దకోడలు వెళ్లడం న్యాయమేనని మా అమ్మ, కాదని నాయనమ్మ, అక్క నియమం మరిచిపోయి వాదనకు దిగారు. ఆ గోలలో ఎవరో నెమ్మదిగా ఏదో అన్నారు. మొదట మాకు తెలియలేదు. ఆ గొంతు విని చాలా కాలమైంది మరి.

"ఆ పాలు తెచ్చిన గుంటడు ఏటైపోనాడు?"

మా పెద్దమ్మ అడుగుతోంది. అందరి చేతులూ ఆగిపోయాయి.

"ఏ గుంటడే? అందులో గుంటడెవుడూ నేడు గదా" అంది నాయనమ్మ.

"ఉన్నాడు. పాలు పట్టుకొచ్చి గుమ్మంలో పెట్టి ఎలిపోనాడు. ఏటీ తినకుండా ఎలిపోనాడు. ఎవులూ అడగనేదు."

అక్క గబగబా పేజీలు వెనక్కి తిప్పింది. నేనూ చూశాను. నిజమే, ఒక్క వాక్యం ఉంది. పాలు పోసే కుర్రాడు చెంబు గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడని. అంతే. ఆ ఒక్క వాక్యం అందరి చెవుల మీదుగా వెళ్లిపోయింది, మా పెద్దమ్మకు తప్ప.

"ఉన్నాడత్తా. నువ్వు సరిగ్గానే ఇన్నావు. రేపు సదివినప్పుడు సూద్దుం, మళ్లీ వత్తాడేమో" అంది అక్క.

మర్నాడు అక్క చదువుతుంటే ఎప్పటిలాగే నా కళ్లు వరుసల వెంట పోతున్నాయి. ఉన్నట్టుండి ఆమె నోట్లోంచి వచ్చేదీ పేజీలో ఉన్నదీ వేరైపోయాయి. పేజీలో లాయరు మాట్లాడుతున్నాడు. అక్క మాత్రం పాలు తెచ్చిన కుర్రాడు మళ్లీ వచ్చాడని, ఆ ఇంటి పెద్దకోడలు వాడిని ఆపి, కూర్చోబెట్టి, తోటకూర కలిపి అన్నం పెట్టిందని చదువుతోంది. గొంతు అదే, వేగం అదే, అచ్చు పుస్తకం మాటల్లాగే ఉన్నాయి. నేను తలెత్తి ఆమె ముఖం చూశాను. ఆమె నా వైపు చూడకుండానే, పేజీ మీదున్న వేలిని నా చేతి మీదికి తెచ్చి ఒక్కసారి నొక్కింది. నేను తల దించుకున్నాను.

"తోటకూరా?" అంది మా పెద్దమ్మ. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "ఆడు తోటకూర తినడు. కంచంలో పక్కకు తోసీత్తాడు. రాసినోడికి ఏటీ తెల్దు."

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అన్నయ్య తోటకూర కంచంలో పక్కకు తోసేసేవాడు. అది ఇంటిల్లిపాదికీ తెలుసు.

"మరి ఏటి తింటాడత్తా?" అని అక్క మామూలుగా అడిగింది. పుస్తకం గురించి అడిగినట్టే అడిగింది.

"ఎండుసేపల పులుసు. ఆడికి పులుసు ఎంత పోసినా సాలదు. కంచం ఎత్తి తాగీత్తాడు."

ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం ఆ కుర్రాడు కథలోకి వచ్చేవాడు. లాయరూ కోర్టూ వెనకపడ్డాయి. అక్క కొంచెం చదివేది, మా పెద్దమ్మ పుస్తకాన్ని తప్పు పట్టేది. వాడు చెప్పులేసుకుని తిరగడు, ఎన్ని కొన్నా పోగొట్టుకుని వస్తాడు. వాడికి చీకటంటే భయం లేదు, బల్లంటే భయం. పొలం పనికి రమ్మంటే జీడిచెట్టెక్కి పడుకుంటాడు. అరుగు మీదున్న ఆడవాళ్లంతా అదే నవల గురించి మాట్లాడుతున్నట్టు తమకు గుర్తున్నవి కూడా కలిపేవారు. ఒకామె, ఆ కుర్రాడు ఓసారి తన కొబ్బరిచెట్టెక్కి దిగలేక ఏడ్చాడు గదా అంది. పెద్దమ్మ ఆమె వైపు తిరిగి, పెదవులు కదిలించి, చిన్నగా నవ్వింది. ఎవరూ పేరు ఎత్తలేదు. మా నాయనమ్మ కూడా, జీవితంలో మొదటిసారి, అత్తగారి సంగతి మరిచిపోయింది.

ఒక రోజు పెద్దనాన్న తోట నుంచి వేళ కాని వేళ వచ్చాడు. పెరటి వైపు నుంచి రావడంతో మేమెవరం చూడలేదు. ఎంతసేపు విన్నాడో తెలియదు. అరుగు మీదికి వచ్చి అక్క చేతిలోని పుస్తకం లాక్కున్నాడు.

"నా అరుగు మీద కూకుండి నాటకాలాడతన్నావేటే గుంటా?"

"మావా, అత్త మాటాడతంది" అంది అక్క.

"మాటాడితే ఏటవుద్ది? పోయినోడు లేసొత్తాడా?"

ఆ మాటతో పెద్దమ్మ చేతిలోని చేట జారి, పప్పంతా అరుగు మీద పరుచుకుంది. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. పెద్దనాన్న పుస్తకాన్ని అక్క వాళ్ల నాన్న చేతికిచ్చి, టెక్కలిలో ఇచ్చేసి రమ్మన్నాడు. అక్క మా గడప తొక్కకూడదన్నాడు. మా అరుగు మీద చదువు ఆగిపోయింది. ఆడవాళ్లు చేటలు పట్టుకుని వేరే ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. మా పెద్దమ్మ మళ్లీ రాయిలా అయిపోయింది. ఈసారి ఇంకా లోతుగా. సంతబొమ్మాళి నుంచి ఆమె తమ్ముడికి కబురు వెళ్లింది.

అతను రావలసిన రోజుకు ముందు రోజు సాయంత్రం పెద్దమ్మ ఇంట్లో కనిపించలేదు. పెరట్లో లేదు, కొబ్బరితోటలో లేదు. మా నాయనమ్మ బావిలోకి వంగి చూసి కేక పెట్టింది. అందరి మనసులోకీ వచ్చింది ఒకటే. పెద్దనాన్న పంచె ఎగ్గట్టి జీడితోటలోంచి సముద్రం వైపు పరిగెత్తాడు. వెనకే మా నాన్న, వీధి మగవాళ్లు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని దిబ్బలదాకా లాక్కెళ్లింది. ఒడ్డంతా ఖాళీగా ఉంది. పెద్దనాన్న మోకాళ్లదాకా నీళ్లలో దిగి, అటూ ఇటూ తిరుగుతూ, ఆమెను పిలుస్తున్నాడు. అంతకుముందు ఆయన ఆమెను పేరుతో పిలవగా నేనెన్నడూ వినలేదు.

నేను ఏడుస్తూ ఇంటికి తిరిగొస్తుంటే, పక్కింటి పెరట్లోంచి మాటలు వినిపించాయి. నెలల తరబడి మా అరుగు దిగని మనిషి పక్కింటికి వెళ్లి ఉంటుందని ఎవరికీ తట్టలేదు. తడకలోంచి చూశాను. వంటింటి మెట్టు మీద అక్క, ఆమె పక్కన మా పెద్దమ్మ.

"బుక్కు నేదత్తా. ఇచ్చీసినారు" అంటోంది అక్క.

"బుక్కు నేపోతే ఏటి? ఆ గుంటడు అందులో నేడని నాకు తెల్దేటే? నానేటి ఎర్రిదాన్నా?"

అక్క చేతిలోని గరిటె కింద పెట్టేసింది.

"నువ్వు సదూతంటే ఆడు ఊళ్లోనే తిరుగుతున్నట్టుండీది" అంది పెద్దమ్మ. "ఇంట్లో ఆడి మాటెత్తితే అందరూ దడుసుకుంటారు. ఆడు నిజంగా పుట్టినాడో నేదో అని నాకే అనుమానం వచ్చీసినాది. నీకొకటి సెప్పాల. ఆ పొద్దు ఆకలేత్తందన్నాడు. కూడు ఇంకా ఉడకనేదు. కూసింతసేపు ఆగరా అన్నాను. వచ్చి తింటాన్లే అమ్మా అని ఎలిపోనాడు. నాను మళ్లీ పిలవనేదు."

అప్పుడు ఆమె అన్నయ్యను పేరు పెట్టి పిలిచింది. ఎదురుగా ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచింది. ఆ వెంటనే ఏడుపు వచ్చేసింది. ఆమె ఏడవగా నేను మొదటిసారి చూశాను. అక్క ఊరుకోమనలేదు. తల నిమరలేదు. పక్కనే కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, వింటూ ఉండిపోయింది.

నేను పరిగెత్తుకెళ్లి కబురు చెప్పాను. పెద్దనాన్న తడిసిన పంచెతో, ఇసుక కాళ్లతో వచ్చాడు. తడక దగ్గరికి వచ్చేసరికి లోపల పెద్దమ్మ ఇంకా మాట్లాడుతోంది, ఏడుపు మధ్యలోనే, వాడికి మొదటి పళ్లు వచ్చినప్పుడు ఎంత కొరికేవాడో చెబుతోంది. పెద్దనాన్న లోపలికి వెళ్లలేదు. తడక బయట మట్టిలో కూలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి వీధిలో జనం ఒక్కొక్కరే ఇళ్లకు వెళ్లిపోయారు. చాలాసేపటికి ఆయన తడకలోంచే అన్నాడు, "పేలపిండి తినీవోడు గదే. అది సెప్పనేదేటి?"

మర్నాడు వచ్చిన తమ్ముడిని భోజనం పెట్టి పంపించేశారు.

పెద్దమ్మ మళ్లీ మునుపటి మనిషి అయిందని చెప్పను. కాలేదు. ఆ నవ్వు తిరిగి రాలేదు. కొన్ని రోజులు మంచం మీద నుంచి లేచేది కాదు. ఎండుచేపల పులుసు పెట్టిన రోజు ఆమె తినదని మా అమ్మ దాన్ని వండడమే మానేసింది. కానీ ఆ ఇంట్లో అన్నయ్య పేరు మళ్లీ వినిపించసాగింది. బతికి ఉన్నవాళ్ల గురించి చెప్పుకున్నట్టే వాడి అల్లరి చెప్పుకునేవాళ్లం. చెప్పుకుంటూ ఒకోసారి పెద్దనాన్న లేచి బయటికి వెళ్లిపోయేవాడు. కాసేపటికి తిరిగొచ్చి, ఎక్కడ ఆపారని అడిగేవాడు.

అక్కకు ఆ తర్వాత భావనపాడు దగ్గరి ఊళ్లో పెళ్లయింది. పుస్తకాలు ఇచ్చే దిక్కు లేని ఇల్లు. నేను చదువుకుని టీచరునై ఉద్యోగంలో చేరేనాటికి ఆమెకు కాళ్లవాపులు మొదలయ్యాయి. అప్పట్లో మా ఉద్దానంలో ఆ జబ్బుకు పేరు లేదు. కాళ్లు వాచాయి, ముఖం వాచింది, తిండి పోయింది, మనిషి పోయింది అనుకునేవాళ్లం, అంతే. చివరి రోజుల్లో పెద్దమ్మను తీసుకుని చూడ్డానికి వెళ్లాను. అక్క పూర్తిగా పడుకునే ఉంది. చదవడానికి ఓపిక లేదని, కళ్లు మసకలని చెప్పింది. మా పెద్దమ్మ మంచం చివర కూర్చుని ఆ వాచిన పాదాలు ఒళ్లోకి తీసుకుంది. పిల్లలు చిన్నవాళ్లని, తను లేకపోతే వాళ్లకు తన సంగతులు ఎవరు చెబుతారని అక్క అడిగింది. "నానున్నాను గదే" అంది పెద్దమ్మ. అక్క పోయాక పెద్దమ్మ చాలా ఏళ్లు బతికింది. బస్సెక్కి ఆ పిల్లల దగ్గరికి వెళ్లి వస్తూనే ఉండేది.

కిడ్నీ జబ్బని ఇప్పుడు దానికి పేరుంది, అది మా ఇంటికీ వచ్చింది. మా ఆయన్ని పలాసలో డయాలసిస్‌కి తీసుకెళుతుంటాను. లోపల మెషిన్ తిరుగుతున్నంతసేపూ బయట బెంచీల మీద మాలాంటి వాళ్లం కూర్చుంటాం. ఎలా ఉందని అడిగితే అందరూ బాగానే ఉందంటారు. అందుకని నేను ఆ ప్రశ్న వెయ్యను. ఏం చదువుతున్నారని అడుగుతాను. చాలామంది నవ్వేస్తారు. ఫోనులో ఏదో చదివామనో, పిల్లల పుస్తకం తిరగేశామనో చెబుతారు. అది చాలు. ఎలా అనిపించిందని అడుగుతాను. వాళ్లు చెప్పింది ఆ పుస్తకంలో ఉందా లేదా అని నేను చూసుకోను. ఆ అలవాటు నాకు ఆ అరుగు మీద, అక్క వేలు నా చేతిని నొక్కిన రోజున వచ్చింది.

మొన్న కవిటి వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి నా పక్కన కూర్చుంది. భర్త లోపల ఉన్నాడు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. కొడుకు తెలుగు వాచకంలో ఒక పాఠం చదివానంది. కరువు వచ్చి ఆవును అమ్ముకున్న రైతు కథ. నచ్చిందా అని అడిగాను. నచ్చలేదంది. "ఆ రైతు రేతిరి పూట గోడవైపు తిరిగి ఏడుత్తాడు గదమ్మా, పెళ్లానికి తెలీకుండా. ఆవిడికి తెల్దనుకుంటన్నాడు" అంది. ఆ పాఠం నేను బడిలో ఎన్నో ఏళ్లు చెప్పాను. అందులో రైతు ఉన్నాడు, ఆవు ఉంది. రైతు గోడవైపు తిరిగి ఏడవడం ఎక్కడా లేదు.

"మరి ఆవిడేటి సేసిందమ్మా?" అని అడిగాను.

ఆ పిల్ల చాలాసేపు లోపలి తలుపు వైపు చూసింది. తర్వాత బెంచీ మీద నాకు ఇంకొంచెం దగ్గరగా జరిగి, చెప్పడం మొదలుపెట్టింది.